గోడ పడింది... ఎండొచ్చింది!

వీధివైపు ముస్తాబుగా ఉండే ముందుగది తలుపు మూసుకుంది. పెరటివైపు గోడ కూలి, ఆ జాగాలో అద్దం వచ్చింది. ఆస్ట్రేలియా ఇళ్లలో హాలు ఇలా ముందు నుంచి వెనక్కి నడిచి వెళ్లిపోయింది. అయితే పాత గోడ మీద సుత్తి వేసేముందు అక్కడివాళ్లు తెలుసుకోవాల్సినవి చాలానే ఉన్నాయి. కొన్నిసార్లు అది ప్రాణాల మీదికి వచ్చే సంగతి కూడా!

చుట్టాలొస్తే తప్ప తెరవని గది ఒకప్పుడు మన పెద్దిళ్లలోనూ ఉండేది. తెల్లటి కవర్లు తొడిగిన సోఫా, పిల్లలు ముట్టుకోకూడని షోకేసు, టీవీ మీద అల్లిక గుడ్డ... గుర్తుందిగా! ఆస్ట్రేలియాలో అలాంటి గదికి ఏకంగా ఓ పేరే ఉంది, 'గుడ్ రూమ్' అని. వీధివైపు ఉండేది. పింగాణీ సామాను, పెళ్లి ఫొటో, ఉన్నవాళ్లకైతే పియానో... అన్నీ అందులోనే. ఇంటిల్లిపాదీ మాత్రం వెనకాల వంటింటి పక్కన ఇరుకు గదిలో సర్దుకుని కూర్చునేవారు. చర్చి ఫాదరో కాబోయే అల్లుడో వస్తేనే ముందుగదికి భాగ్యం.

ఇప్పుడు ఆ గదికి పనిలేదు. కొందరు దాన్ని ఆఫీసు గది చేసుకున్నారు, కొందరు మంచం వేసేశారు. అసలు హాలు ఇంటి వెనక్కి వెళ్లింది. వంట, భోజనం, కబుర్లు, టీవీ అన్నీ ఒకే పెద్ద గదిలో. దాని చివర నేల నుంచి కప్పు దాకా జారే అద్దాల తలుపులు. అవి తెరిస్తే చెక్క అరుగు, ఆపైన గడ్డి, ఓ మూల బార్బెక్యూ పొయ్యి. కప్పు వేసి ఉన్న ఆ అరుగుని 'ఆల్‌ఫ్రెస్కో' అంటారు. పిల్లలు గంతులేసే గది 'రంపస్ రూమ్'. మనం హాలు అనేది వాళ్లకి 'లాంజ్ రూమ్'. పేర్లు ఎన్నయినా, ఆస్ట్రేలియాలో ఇంటిని కొత్తగా మార్చాలనుకున్నవాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే... వెనకవైపు గోడ తీసేసి వెలుగు తెప్పించమని.

సూర్యుడు ఉత్తరాన తిరుగుతాడు

ఇంతకీ వెలుగు ఎటు నుంచి రావాలి? ఇక్కడే మనవాళ్లకి మొదటి చిక్కు. భూమధ్యరేఖకి అవతల ఉన్న దేశం కదా, అక్కడ సూర్యుడు తూర్పున పుట్టి, ఉత్తరం మీదుగా నడిచి పడమట కుంకుతాడు. మన దగ్గర చలికాలం ఎండ దక్షిణపు కిటికీలోంచి పడుతుంది. వాళ్లకి అది ఉత్తరపు కిటికీ. అందుకే అక్కడి ఇళ్ల ప్రకటనల్లో 'నార్త్ ఫేసింగ్ లివింగ్' అన్న మాట పెద్దక్షరాల్లో కనిపిస్తుంది. వాస్తు ప్రకారం ఉత్తరం మంచిదని కాదు, జూన్ జులై నెలల్లో హీటరు బిల్లు తగ్గుతుందని!

దీని వెనకున్న లెక్క చాలా అందమైంది. సిడ్నీలో డిసెంబరు నెలాఖరున మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు 79 డిగ్రీల ఎత్తున, అంటే ఇంచుమించు నడినెత్తిన ఉంటాడు. జూన్ నెలాఖరున 33 డిగ్రీలకి దిగిపోతాడు. కాబట్టి ఉత్తరపు కిటికీ మీద సరైన కొలతలో చూరు ఉంటే చాలు... ఎండాకాలం ఎండ చూరు మీదే ఆగిపోతుంది, చలికాలం ఎండ వాలుగా దూరి సోఫా దాకా వస్తుంది. బటన్లు లేవు, కరెంటు లేదు. ఆస్ట్రేలియా ప్రభుత్వం ఇళ్లు కట్టుకునేవారి కోసం తెచ్చిన 'యువర్ హోమ్' మార్గదర్శినిలో దీనికో సులువైన సూత్రం ఉంది. కిటికీ అడుగు అంచు నుంచి చూరు కింది అంచు వరకు ఎంత ఎత్తుందో కొలవాలి. అందులో 45 శాతం మేర చూరు ముందుకి రావాలి. నేల దాకా ఉండే 2.4 మీటర్ల అద్దాల తలుపైతే చూరు మీటరు పైచిలుకు ఉండాలన్నమాట. అయితే ఇది సిడ్నీ, మెల్‌బోర్న్, అడిలైడ్, పెర్త్ లాంటి దక్షిణాది ఊళ్లకి. ఎప్పుడూ ఉక్కపోసే డార్విన్‌లో ఎండని ఏ కాలంలోనూ ఆహ్వానించరు, గాలినే పిలుస్తారు.

పడమటెండ సంగతి మాత్రం రెండు దేశాల్లోనూ ఒక్కటే. సాయంత్రం పూట వాలిన ఎండని ఏ చూరూ ఆపలేదు. సూర్యాస్తమయం బాగా కనిపిస్తుందని పడమటి గోడ మొత్తం అద్దం పెట్టించుకున్నవాళ్లు జనవరి వచ్చేసరికి బయట తెరలు దించుకుని లోపల ఏసీ వేసుకుని కూర్చుంటారు. తెరలు వేయక తప్పనప్పుడు అద్దానికి బయటివైపు వేయడమే తెలివి. లోపల కర్టెన్ వేస్తే వేడి అప్పటికే గదిలోకి వచ్చేసినట్టు!

వీధివైపు తాతల కాలం... పెరటివైపు కొత్త కాలం

సిడ్నీలో ప్యాడింగ్టన్, మెల్‌బోర్న్‌లో కార్ల్‌టన్, ఫిట్జ్‌రాయ్... ఈ పేటల్లో ఒకదానికొకటి అతుక్కుని వరసగా నిలబడ్డ ఇళ్లు కనిపిస్తాయి. బాల్కనీకి లేసు అల్లినట్టుండే పోత ఇనుప కటకటాలు. వీటినే టెర్రస్ హౌసులంటారు. ఎక్కువ భాగం విక్టోరియా రాణి కాలం నాటివి. ఇరవయ్యో శతాబ్దం సగం వరకు వీటికి విలువే లేదు. మురికివాడలని ముద్రవేసి కూల్చేయాలనుకున్నారు. 1964లో ప్యాడింగ్టన్ వాసులు 'ప్యాడింగ్టన్ సొసైటీ'గా ఏర్పడి వాటి కోసం నిలబడ్డారు. ఇప్పుడవే ఇళ్లు కొనాలంటే కోటీశ్వరులు కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

చూడ్డానికి ముద్దుగా ఉంటాయి కానీ, ఆ ఇళ్లలో హాలు చేసుకోవడం అంత తేలిక కాదు. వెడల్పు చాలాచోట్ల నాలుగైదు మీటర్లే. రెండు పక్కలా పొరుగింటి గోడలు, కాబట్టి పక్క కిటికీల ఆశ లేదు. సన్నటి నడవా, దానికి ఓ పక్కగా గది వెనక గది. మధ్య గదిలో పట్టపగలు కూడా దీపం వేసుకోవాల్సిందే. పైగా ఇలాంటి పేటల్ని వారసత్వ ప్రాంతాలుగా ప్రకటించడంతో వీధివైపు రూపు మార్చడానికి కౌన్సిల్ ఒప్పుకోదు. దాంతో ఆర్కిటెక్టులు ఓ పద్ధతి పట్టుకున్నారు. ముందు రెండు గదుల్నీ పాత నిప్పుగూడుతో, సీలింగు మీది పూల అచ్చులతో అలాగే ఉంచేస్తారు. వెనకాల అతుకులుగా పెరిగిన రేకుల వంటిల్లు, బట్టలుతికే గది తీసేసి, అక్కడ ఎత్తైన కప్పుతో కొత్త హాలు కడతారు. వీధిలోంచి చూస్తే 1880 నాటి ఇల్లు. నడవా దాటి వెనక్కొస్తే ఈ కాలం గది.

మరి ఇంటి ముందుభాగమే ఉత్తరం వైపు ఉంటే? పెరడు దక్షిణం అవుతుంది, ఎండ రాదు. అసలు పనితనం కనిపించేది అప్పుడే. కొందరు పాత ఇంటికీ కొత్త గదికీ మధ్య ఓ చిన్న ముంగిలి వదులుతారు. మన మండువా ఇంటి మధ్యలో వదిలే జాగాలాంటిదే. దాంట్లోంచి ఉత్తరపు ఎండ దిగుతుంది, గాలీ తిరుగుతుంది. కొందరు కొత్త గది కప్పుని వెనక్కి వాల్చి, ఎత్తుగా లేచిన ఉత్తరపు అంచు కింద వరసగా చిన్న కిటికీలు పెడతారు. పైనుంచి గాజు కప్పు పెట్టేయడం అన్నిటికన్నా సులువు. కానీ తెర లేని గాజు కప్పు కింద జనవరిలో కూర్చోవడం పొయ్యి మీది పెనంలో కూర్చోవడమే.

ఈ పెద్ద గదుల ఊహ ఈనాటిదేం కాదు. వియన్నాలో పుట్టి, అమెరికాలో చదివి 1948లో సిడ్నీ వచ్చిన హ్యారీ సీడ్లర్ తల్లిదండ్రుల కోసం వారూంగాలో ఓ ఇల్లు కట్టాడు. తల్లి పేరుతో 'రోజ్ సీడ్లర్ హౌస్' అంటారు. పెద్ద పెద్ద అద్దాలు, ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోయే గదులు... అప్పటి జనం వింతగా చూశారు. 1951లో దానికి సల్మన్ పతకం వచ్చింది. ఇప్పుడది అందరూ చూడగలిగే మ్యూజియం.

అదే రోజుల్లో మెల్‌బోర్న్‌లో ఓ వార్తాపత్రిక చేసిన పని ఇంకా ఆసక్తికరం. యుద్ధం అయిపోయింది, ఇటుకలకీ కలపకీ కరువు, ఇళ్లు లేని కుటుంబాలు వేలకు వేలు. 'ది ఏజ్' పత్రిక, ఆర్కిటెక్టుల సంస్థ కలిసి 1947లో 'స్మాల్ హోమ్స్ సర్వీస్' మొదలుపెట్టాయి. పేరున్న ఆర్కిటెక్టులు గీసిన చిన్న ఇళ్ల ప్లాన్లని కొద్ది పౌండ్లకే మామూలు జనానికి అమ్మేవారు. దాన్ని నడిపిన రాబిన్ బాయిడ్ వయసు అప్పటికి ముప్ఫై కూడా లేదు. చిన్న ఇంట్లో నడవాలకీ అడ్డుగోడలకీ జాగా వృథా చేయకుండా హాలునీ భోజనాల గదినీ కలిపేయమన్న సలహా అలా పత్రిక పేజీల్లోంచి ఇళ్లలోకి నడిచింది. అదే బాయిడ్ 1960లో 'ది ఆస్ట్రేలియన్ అగ్లీనెస్' అన్న పుస్తకంలో ఓ జబ్బు గురించి చెప్పాడు. ఇంటి మొత్తాన్ని ఒకటిగా చూడకుండా, ఓ గోడకి రాయి, ఓ గోడకి రంగు, ఓ మూలకి జాలీ... ఇలా ప్రతిదీ 'నన్ను చూడు' అనేట్టు అతికించే జబ్బు. దానికి 'ఫీచరిజం' అని పేరు పెట్టాడు. మన కొత్త అపార్ట్‌మెంట్ల హాళ్లలో టీవీ వెనకాల మెరిసే గోడ, పక్కన పీఓపీ పువ్వు, ఆ పైన నీలం లైటు చూసి ఉంటే ఏమనేవాడో!

సుత్తి వేసేముందు ఆగండి

ఇక అసలు భయం దగ్గరికొద్దాం. ఆ యుద్ధానంతరపు కరువు రోజుల్లోనే ఆస్ట్రేలియాకి ఓ చవక వస్తువు దొరికింది. పేరు 'ఫైబ్రో'. సిమెంటులో ఆస్‌బెస్టాస్ నార కలిపి చేసిన పలుచటి పలకలు. మన దగ్గర సిమెంటు రేకులంటామే, ఆ జాతిదే. మేకులు కొడితే గోడ సిద్ధం. నిప్పంటుకోదు, చెద పట్టదు. పనివాళ్లు ఉండే సిడ్నీ శివార్లలోనూ, సముద్రపు ఒడ్డు ఊళ్లలోనూ వీధులకి వీధులు ఫైబ్రో ఇళ్లే లేచాయి. గోడల్లోనే అనుకునేరు... చూరు కింద పలకల్లో, స్నానాల గది గోడల్లో, వంటింట్లో పరిచిన పాత వినైల్ షీటు వెనకభాగంలో, కొన్ని చోట్ల సీలింగు మీది గరుకు పూతలో కూడా అదే.

ఆ నార ధూళిగా మారి ఊపిరితిత్తుల్లోకి పోతే మీసోథీలియోమా అనే క్యాన్సర్ రావచ్చు. వెంటనే రాదు. ఇరవై, ముప్ఫై, నలభై ఏళ్లు నిద్రపోయి అప్పుడు లేస్తుంది. మొదట గని పనివాళ్లు పోయారు. పశ్చిమ ఆస్ట్రేలియాలో విటెనూమ్ దగ్గరి నీలి ఆస్‌బెస్టాస్ గని 1966లోనే మూతపడినా చావులు దశాబ్దాల పాటు సాగాయి. తర్వాత ఫ్యాక్టరీ పనివాళ్లు, వడ్రంగులు. ఆ తర్వాత వరస ఎవరిదో తెలుసా? శనాదివారాల్లో సొంత ఇంటిని తమ చేతులతో బాగు చేసుకున్న భార్యాభర్తలది. మాస్కు లేకుండా పాత పలక పగలగొట్టిన నాన్న, ఆ దుమ్ము ఊడ్చిన అమ్మ, పక్కనే ఆడుకున్న పిల్లలు.

ఆస్ట్రేలియా 2003 డిసెంబరు 31 నుంచి ఆస్‌బెస్టాస్‌ని అన్ని రకాలుగా నిషేధించింది. కానీ కట్టేసిన ఇళ్ల మాటేమిటి? అక్కడి ప్రభుత్వ సంస్థలు చెప్పేదాని ప్రకారం ప్రతి మూడు ఇళ్లలో ఒకదాంట్లో ఇప్పటికీ ఆస్‌బెస్టాస్ ఏదో ఒక రూపంలో ఉంది. 1990కి ముందు కట్టిన ఇల్లయితే ఉందనే అనుకుని మొదలుపెట్టమంటారు. కాన్‌బెర్రాలో పరిస్థితి ఇంకా ఘోరం. చలికి రక్షణగా 'మిస్టర్ ఫ్లఫీ' పేరుతో పనిచేసిన సంస్థ ఇళ్ల కప్పుల్లో వదులు ఆస్‌బెస్టాస్ నారని దూదిలా కూరింది. దాన్ని ఎంత తీసినా గోడల సందుల్లో మిగిలిపోతుండటంతో, 2014లో ప్రభుత్వం వెయ్యికి పైగా ఇళ్లని కొని, కూల్చేయాలని నిర్ణయించింది. పిల్లల ఎత్తు గీసుకున్న తలుపు చెక్కలు కూడా వదిలేసి వెళ్లిన కుటుంబాలున్నాయంటే ఆశ్చర్యం లేదు.

పలక చెక్కుచెదరకుండా, రంగు వేసి ఉంటే ప్రమాదం తక్కువ. కోసినా, పగలగొట్టినా, గరుకు కాగితంతో రుద్దినా, నీళ్ల జెట్టుతో కడిగినా ధూళి లేస్తుంది. అందుకే హాలు గోడ తీయాలనుకుంటే మొదటి ఖర్చు సోఫాకి కాదు, పరీక్షకి పెట్టాలి. చిన్న ముక్క తీయించి గుర్తింపు ఉన్న ప్రయోగశాలకి పంపితే తేలిపోతుంది. చాలా రాష్ట్రాల్లో పది చదరపు మీటర్ల లోపు గట్టి పలకని ఇంటివాళ్లే తీయడానికి చట్టం ఒప్పుకుంటుంది. ఒప్పుకుంది కదా అని తీయాలనేం లేదు. కొంత డబ్బు పోయినా లైసెన్సు ఉన్నవాళ్లని పిలవడమే నయం. 1970కి ముందు ఇళ్లలో ఇంకొకటి చూసుకోవాలి... సీసం కలిసిన పాత పెయింటు. పసిపిల్లలున్న ఇంట్లో దాన్ని పొడి పొడిగా గోకడం అస్సలు పనికిరాదు.

ఇవేవీ టీవీలో కనిపించవు మరి! 2003లో నైన్ నెట్‌వర్క్‌లో మొదలైన 'ది బ్లాక్' కార్యక్రమం ఆస్ట్రేలియన్లకి రినొవేషన్ పిచ్చి పట్టించింది. జంటలు పోటీలుపడి వారానికో గది తయారుచేస్తారు, చివర్లో ఇళ్లని వేలం వేస్తారు. చూస్తుంటే ఎవరికైనా చేయి దురద పెడుతుంది. శనివారం పొద్దున బన్నింగ్స్ దుకాణానికి వెళ్లి, బయట అమ్మే సాసేజ్ తిని, సుత్తి కొనుక్కొచ్చేవాళ్లకి కొదవలేదు. పెయింటు వేసుకోండి, అరలు బిగించుకోండి, ఎవరూ కాదనరు. కరెంటు వైరు మాత్రం ముట్టుకోకూడదు. ఇంట్లో స్విచ్చి బోర్డు మార్చాలన్నా లైసెన్సున్న ఎలక్ట్రీషియనే రావాలి, లేకపోతే నేరం. మన దగ్గర వీధి చివరి కుర్రాణ్ని పిలిచినట్టు పిలిస్తే కుదరదు. బరువు మోసే గోడ తీయాలంటే ఇంజినీరు లెక్కగట్టి ఉక్కు దూలం వేయించాలి. న్యూసౌత్‌వేల్స్‌లో అయితే పని విలువ 20 వేల డాలర్లు దాటితే కాంట్రాక్టరు బీమా తీసుకోవాలి, అడ్వాన్సు పది శాతానికి మించి అడగకూడదు. సగం డబ్బు ముందే ఇమ్మనేవాణ్ని అక్కడే సాగనంపొచ్చు.

ఎండల దేశంలో చలి ఇళ్లు

ఆస్ట్రేలియా అంటే బీచ్‌లు, ఎండ అనుకుంటాం. మెల్‌బోర్న్‌లో మొదటి చలికాలం గడిపినవాళ్లని అడగండి... ఇంట్లో స్వెటర్లు వేసుకుని తిరిగామంటారు. యూరప్ నుంచి వచ్చినవాళ్లు సైతం అదే మాట అంటారు. కారణం ఇళ్లే. ఒంటి అద్దాల కిటికీలు, తలుపుల కింద సందులు, చెక్క నేల కింద గాలి తిరిగే ఖాళీ, మూయకుండా వదిలేసిన పాత పొగగొట్టం. హాల్లో హీటరు పెట్టడమంటే వీధిని వెచ్చబెట్టడమే. 'యువర్ హోమ్' లెక్క ప్రకారం చలికాలంలో ఇంటి వేడిలో 40 శాతం దాకా కిటికీల్లోంచే పోతుంది. ఎండాకాలంలో లోపలికొచ్చే వేడిలో 87 శాతం దాకా వాటిలోంచే వస్తుంది.

దీనికి పెద్ద మందు రెండు పొరల అద్దం. రెండింటి మధ్య గాలో ఆర్గాన్ వాయువో నింపుతారు. ఖరీదు ఎక్కువ. చిన్న మందులూ ఉన్నాయి. వాటిలో అన్నిటికన్నా ముచ్చటైంది పెల్మెట్. కర్టెన్ పైన ఉండే చెక్క పెట్టె. పాతకాలపు ముస్తాబని 1990ల్లో చాలామంది పీకి పారేశారు. పాపం దాని పని అందం కాదు. చల్లటి అద్దానికి తగిలిన గాలి బరువెక్కి కిందికి జారుతుంది. పై నుంచి గదిలోని వెచ్చటి గాలి కర్టెన్ వెనక్కి దూరుతుంది. అలా రాత్రంతా గది చల్లబడుతూనే ఉంటుంది. పైన పెల్మెట్, కింద నేలని తాకే మందపాటి కర్టెన్ ఉంటే ఆ దారి మూసుకుంటుంది. తాతలు ఊరికే పెట్టలేదన్నమాట.

కొత్త ఇళ్లకి చట్టం గట్టిపడింది. ఇంటి వెచ్చదనాన్నీ చల్లదనాన్నీ కొలిచి సున్నా నుంచి పది వరకు నక్షత్రాలిచ్చే పద్ధతి అక్కడ ఉంది. 2022 నాటి జాతీయ భవన నియమావళి కొత్త ఇంటికి కనీసం ఏడు నక్షత్రాలు ఉండాలంది, అంతకుముందు ఆరు. విక్టోరియాలో ప్లానింగ్ పర్మిట్ కావాల్సిన కొత్త ఇళ్లకి 2024 జనవరి 1 నుంచి గ్యాస్ కనెక్షనే ఇవ్వడం లేదు. దాంతో హాలు గోడకుండే గ్యాస్ హీటరు స్థానంలో వేడినీ చల్లదనాన్నీ రెండూ ఇచ్చే ఏసీ వస్తోంది. అపార్ట్‌మెంట్లలోనైతే ఎండ కూడా నిబంధనే! న్యూసౌత్‌వేల్స్ మార్గదర్శకాల ప్రకారం సిడ్నీలో కొత్త సముదాయం కడితే, కనీసం 70 శాతం ఫ్లాట్ల హాళ్లలోకి నడిచలికాలంలో ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 3 మధ్య రెండు గంటలైనా నేరుగా ఎండ పడాలి. మన మున్సిపాలిటీ ప్లాన్లలో ఇలాంటి వాక్యం ఒక్కటుంటే ఎంత బాగుండునో!

స్తంభాల మీద హాలు

బ్రిస్బేన్ వెళ్తే కథ మారిపోతుంది. అక్కడి పాత ఇళ్లు 'క్వీన్స్‌లాండర్లు' చెక్కతో కట్టి, గుంజల మీద నేలకి ఎత్తుగా నిలబడి ఉంటాయి. చుట్టూ వరండా, పైన రేకు కప్పు, తలుపుల పైన గాలి ఆడేందుకు చెక్కిన చెక్క జాలీలు. ఒకప్పుడు వరండాల్ని మూసి గదులు చేసుకున్నవాళ్లు ఇప్పుడు మళ్లీ ఆ పలకలు విప్పి వరండానే హాలు చేస్తున్నారు. గోడలకి నిలువు చెక్క పట్టీలుంటాయి. వాటిని తీసేసి ప్లాస్టరు బోర్డు వేయించడం ఆ ఇంటి ముఖం చెరిపేయడమే.

చాలామంది ఇంటిని జాకీలతో ఇంకాస్త పైకెత్తి కింద ఓ అంతస్తు కట్టుకుంటారు. పెద్ద హాలు కిందికే వస్తుంది, పెరట్లోకి నేరుగా నడిచిపోవచ్చు. కానీ ఆ గుంజలు ఊరికే వేయలేదు కదా. గాలికోసం, చెద కోసం, కొన్ని పేటల్లో నది కోసం కూడా. 1974, 2011, 2022... బ్రిస్బేన్ నది మూడుసార్లు ఊళ్లోకొచ్చింది. కింది హాలు, అందులోని కొత్త సోఫా, ఇన్సులేషన్ నింపిన గోడలు అన్నీ బురదపాలు. 2022 వరదల తర్వాత క్వీన్స్‌లాండ్‌లో ప్రభుత్వ నిధితో కొన్ని ఇళ్లని పైకెత్తారు, కొన్నిటిని వరదని తట్టుకునేలా మార్చారు, కొన్నిటిని కొనేశారు. ఇప్పుడు తెలివైనవాళ్లు కింద హాలు కట్టినా నేలకి పాలిష్ కాంక్రీటో టైల్సో వేసి, ప్లగ్గులు నడుమెత్తున పెట్టించి, నీళ్లు పోయాక కడిగేసుకునేలా చూసుకుంటున్నారు.

మనవాళ్ల హాలు

2021 జనాభా లెక్కల నాటికి ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు 59 వేల పైమాటే. మెల్‌బోర్న్‌లో టార్నీట్, పాయింట్ కుక్, సిడ్నీలో వెంట్‌వర్త్‌విల్, షోఫీల్డ్స్... ఈ పేటల్లో పలకరింపులు తెలుగులోనే వినిపిస్తాయి. వీళ్లలో చాలామందివి బిల్డర్లు వరసగా కట్టే కొత్త ఇళ్లు. నమూనా ఇల్లు చూసి, ఇంకాస్త డబ్బు కట్టి మార్పులు చేయించుకుంటారు. తమాషా ఏంటంటే, తెల్లవాళ్లు వదిలేసిన ముందుగదిని మనవాళ్లు మళ్లీ బతికించారు. దేవుడి మందిరం అక్కడే, సత్యనారాయణ వ్రతం అక్కడే, ఊరినుంచి ఆరునెలలకి వచ్చిన అమ్మానాన్నలు మధ్యాహ్నం కునుకు తీసేదీ అక్కడే.

వెనకాల ఓపెన్ హాలుతో ఓ పేచీ ఉంది. తాలింపు! ఇంగువ, ఎండుమిర్చి ఘాటు తెరిచి ఉన్న వంటగదిలోంచి తిన్నగా సోఫా బట్టలోకి, కర్టెన్లలోకి. ఆపైన పొగ గంట మోత. అందుకే హాల్లో కనిపించేది ముస్తాబు వంటిల్లు, దాని వెనక తలుపున్న రెండో చిన్న వంటిల్లు అసలైంది. నమూనా ఇళ్లలో 'బట్లర్స్ ప్యాంట్రీ' అని చూపించే జాగాలో ఓ పొయ్యి, పొగ బయటికి పోయే గొట్టం పెట్టించుకుంటే సరిపోతుంది. గొట్టం అటక మీద ఆగిపోకుండా ఇంటి బయటికి వెళ్తోందో లేదో చూసుకోవాలి.

వంటగట్టు రాయి విషయంలోనూ ఓ మార్పు వచ్చింది. క్వార్ట్జ్ పొడిని జిగురుతో కలిపి చేసిన కృత్రిమ శ్లాబులు ఇరవై ఏళ్లపాటు ఆస్ట్రేలియా హాళ్లలో రాజ్యమేలాయి. వాటిలో సిలికా 90 శాతం కూడా దాటొచ్చు. వాటిని కోసే కుర్రాళ్లు పాతికేళ్లకే, ముప్ఫై ఏళ్లకే సిలికోసిస్‌తో ఊపిరందక మంచాన పడ్డారు. 2024 జులై 1 నుంచి ఆ శ్లాబుల తయారీ, అమ్మకం, బిగింపు అన్నీ ఆస్ట్రేలియాలో నిషేధం. ప్రపంచంలో అలా చేసిన మొదటి దేశం అదే. ఇలాంటి శ్లాబులు మన విశాఖ దగ్గరి అచ్యుతాపురంలోనూ తయారై విదేశాలకి వెళ్తుంటాయి. ఇక్కడ వాటిని కోసేవాళ్ల ముక్కుకి గుడ్డయినా ఉందో లేదో చూసేదెవరో! సహజమైన గ్రానైటుకి నిషేధం లేదు. అయితే దాన్ని కోసేటప్పుడూ తడి చేయాల్సిందే, మాస్కు పెట్టాల్సిందే.

ఇంకో మార్పు కొవిడ్ తెచ్చింది. 2020, 2021 సంవత్సరాల్లో మెల్‌బోర్న్ మొత్తం 262 రోజులు లాక్‌డౌన్‌లో గడిపింది. ఒకే పెద్ద హాల్లో అమ్మ మీటింగు, నాన్న ఫోను, పిల్లల ఆన్‌లైన్ క్లాసు, పక్కన కుక్కరు విజిలు. గోడలు తీయించుకున్నవాళ్లకి గోడ విలువ అప్పుడు తెలిసొచ్చింది. ఇప్పుడు హాలు మధ్యలో జారే తలుపులు, సగం ఎత్తు అడ్డుగోడలు, పుస్తకాల అరల తెరలు మళ్లీ వస్తున్నాయి. నున్నటి చెక్క నేల, అద్దాల గోడ, ఎత్తైన కప్పు... మాట్లాడితే గుళ్లో గంటలా మోగే గదులకి తివాచీ, బట్ట సోఫా, మందపాటి కర్టెన్ తోడు కావాలి. లేకపోతే నలుగురు చుట్టాలొస్తే ఎవరి మాట ఎవరికీ వినబడదు.

పండగ లెక్క కూడా చూసుకోవాలి. సంక్రాంతి అక్కడ నడివేసవిలో వస్తుంది. బయట 40 డిగ్రీల ఎండలో అద్దాల గోడ పక్కన బొమ్మల కొలువు పెడితే లక్క బొమ్మల రంగు వెలిసిపోతుంది. దీపావళి వసంతంలో. ఉగాది ఆకులు రాలే కాలంలో. కొలువు మెట్లకి పడమటి అద్దానికి దూరంగా, లోపలి గోడ వైపు ఓ ఆరడుగులు వదిలి సోఫా సర్దుకోవడం మేలు.

ఇల్లు కొనబోయేవాళ్లకి అక్కడి అనుభవజ్ఞులు చెప్పే కిటుకు ఒకటుంది. దళారులు డిసెంబరులో సాయంత్రం పూట, ఎండ తగ్గాక, లైట్లన్నీ వేసి ఇల్లు చూపిస్తారు. అది కాకుండా వీలైతే జూన్‌లో ఓసారి, మధ్యాహ్నం పన్నెండింటికి వెళ్లాలి. లైట్లు తీసేయమని అడిగి, ఫోన్లో దిక్సూచి తెరిచి ఉత్తరం ఎటుందో చూడాలి. హాలు నేల మీద ఎండ పడుతుంటే ఎంత దూరం వచ్చిందో అడుగులతో కొలవాలి. ఎదురుగా ఉత్తరం వైపు ఖాళీ స్థలం ఉంటే, అక్కడ రెండంతస్తులు కట్టడానికి కౌన్సిల్‌లో ఎవరైనా దరఖాస్తు పెట్టారేమో కనుక్కుని, బేరం ఆ తర్వాతే మొదలుపెట్టాలి.